ఆరుగడపల నేల ప్రాజెక్టు డైరీ: దేవుడి దస్త్రంలో ఎవరి పేరుంటుంది?

1వ వారం: మాటలు కుదుర్చుకోవడం

ఆరుగడపల నేల ఒక కల్పిత లోకం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే ఆట కోసం దీన్ని కడుతున్నాం. ఇందులో ఆరుగురు దేవతలున్నారు. ఒక్కొక్కరికి పైన ఒక దివ్యలోకం, కింద ఒక నగరం ఉంటాయి. ఈ డైరీలో మతం, దివ్యలోకాలు, పౌరసత్వం గురించి మాత్రమే రాస్తున్నాం. పటాలు, యుద్ధ నియమాలు వేరే పుస్తకంలో ఉన్నాయి.

మొదటి చిత్తులో దివ్యలోకాన్ని ‘స్వర్గం’ అన్నాం. చదివిన ప్రతివాళ్లూ ఆ మాటతోపాటు పుణ్యాన్ని, ఇంద్రుణ్ణి, అప్సరసల్ని కూడా లోపలికి తెచ్చేసుకున్నారు. మంచివాడు పైకి వెళ్తాడు, చెడ్డవాడు వెళ్లడు అని అడక్కుండానే ఊహించుకున్నారు. మన లోకంలో పైకి వెళ్లడానికి మంచితనంతో పని లేదు, నమోదుతోనే పని. అందుకే ఆ పదం తీసేసి ‘గడప’ అని పెట్టాం. గడప అంటే దివ్యలోకం, అందులో పేరున్న మనిషి గడపబిడ్డ. పేర్లు రాసే పుస్తకం దస్త్రం, రాసేవాడు కరణం. ఏ దస్త్రంలోనూ పేరు లేనివాళ్లు బయలువాళ్లు. ఊరి భూముల లెక్క ఎవరి చేతిలో ఉండేదో గుర్తున్న తెలుగువాళ్లకు ‘కరణం’ అన్న ఒక్క మాటతోనే అధికారం ఎక్కడుందో అర్థమవుతుంది.

దేవతలకు కూడా గుళ్లలో కొలిచే పేర్లు వాడలేదు. ఉప్పుతల్లి, కంచుదొర, మగ్గాలవ్వ, ఏటిపాప, ఇనుమయ్య, ఆరోది పేరులేని గడప. నిజంగా పూజలందుకునే దేవత పేరు పెడితే ఆటగాళ్లు ఆ దేవత నియమాలతోనే వాదిస్తారు. పైగా ఎవరి భక్తినో ఆటవస్తువు చేసినట్టవుతుంది.

మొత్తం కట్టడానికి మూలసూత్రం ఒకటే: దేవుడికి దస్త్రం తెలుసు, మనసు తెలియదు. దేవతలు నిజంగా ఉండి, అడిగితే పలికే లోకంలో ‘వీడు మనవాడా కాదా’ అన్న తగాదా ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది, కథ అక్కడితో ఆగిపోతుంది. దేవుడి జ్ఞానాన్ని కరణం రాతకు కట్టేస్తే దొంగరాతకు విలువొస్తుంది, చెరిగిన పేరుకు బరువొస్తుంది. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి బదులు ఇంకొకర్ని యమభటులు పట్టుకెళ్లి, పొరపాటు తెలిసి మళ్లీ దింపేసిన కథలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. చిత్రగుప్తుడి పుస్తకంలోనే తికమక జరగొచ్చని మనవాళ్లు ఏనాడో ఊహించారు. మేం ఆ ఊహనే ఒక రాజ్యాంగంగా సాగదీస్తున్నాం.

2వ వారం: చచ్చినవాళ్ల జనాభా లెక్క

ఇలాంటి లోకాలు కట్టేవాళ్లలో చాలామంది ఈ లెక్క వెయ్యరు. వెయ్యకపోతే ఎక్కడ కూలుతుందో చూడండి.

నమూనాకు ఉప్పుతల్లి నగరం తెల్లరేవును తీసుకున్నాం. బతికున్నవాళ్లు 40,000. ఆధునిక వైద్యం లేని సమాజంలో ఏడాదికి వెయ్యికి 30 చావులు మామూలే. అంటే ఏడాదికి 1,200. నగరం వయసు 200 ఏళ్లు అనుకుంటే గడప అవతల 2,40,000 మంది ఉంటారు, బతికున్నవాళ్లకు ఆరింతలు. చచ్చినా పౌరసత్వం పోదు, చచ్చినవాళ్లకూ సభలో మాట ఉంటుంది అని మొదటి చిత్తులో రాసుకున్నాం. దాని ప్రకారం ఆ నగరంలో బతికున్నవాళ్లు ఏ తీర్మానమూ నెగ్గించుకోలేరు.

కాబట్టి బయటికి వెళ్లే దారి కావాలి. పుణ్యం కరిగాక మళ్లీ మర్త్యలోకానికే రావాలని గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. యయాతి స్వర్గం నుంచి పడిపోయిన కథా అదే. కానీ మన గడపలో పుణ్యానికి లెక్క లేదని ముందే అనుకున్నాం. అందుకని శ్రాద్ధంలోని మూడు తరాల పద్ధతిని ఆధారం చేసుకున్నాం. పిండం తండ్రికి, తాతకు, ముత్తాతకు పెడతారు. కింద ఒకరు కొత్తగా చేరితే పైనున్న నాలుగోతరం ఆ వరస దాటిపోతుంది. లోపలికి రావడం, కొంతకాలం ఉండడం, వెళ్లిపోవడం మూడూ అందులోనే ఉన్నాయి.

తరానికి 25 ఏళ్ల చొప్పున మూడు తరాలకు 75 ఏళ్లు. పాతకాలపు చావుల్లో సుమారు సగం పిల్లలవి. వాళ్లను పక్కన పెడితే ఏడాదికి 600 మంది పెద్దలు. 600ను 75తో గుణిస్తే 45,000. చచ్చినవాళ్ల పేరిట గుడిలో పెట్టే దీపం వారసులు లేని ఇళ్లలో ముందే ఆరిపోతుంది కనుక ఇది పైహద్దు. బతికున్న పెద్దలు 22,000 అనుకున్నాం. ఇప్పటికీ చచ్చినవాళ్లదే రెట్టింపు బలం, అందుకే వాళ్లకు ఓటు పూర్తిగా తీసేసి సాక్ష్యం మాత్రం ఉంచాం. పొలం ఎవరిది, ఎవరు ఎవరి బిడ్డ అన్న తగాదాల్లో ఏడాదికి ఒకరోజు వాళ్లను పిలిచి అడగొచ్చు.

ఈ రెండు లక్షల లెక్కను 45 వేలకు దింపేసరికి వారసుల కోసం దత్తత తీసుకోవడం, వారసుడు లేనివాడి ఆస్తికి ఆశపడి దీపం పెట్టేవాళ్లు పుట్టుకురావడం లాంటివి మేం కల్పించకుండానే లోకంలో మొలిచాయి.

3వ వారం: నూనె

గడపబిడ్డ చనిపోతే గుడిలో ఒక దీపం పెడతారు. ఆ దీపం వెలిగినన్నాళ్లే అవతల వాళ్ల ఉనికి. మొదట రోజుకు గిద్దెడు నూనె అన్నాం. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, అంటే మానికకు 16 గిద్దెలు. 45,000 దీపాలకు ఏడాదంతా పోస్తే 10 లక్షల మానికలు దాటింది. బతికున్న ప్రతి పెద్ద మనిషీ ఏడాదికి 46 మానికలకు పైగా నూనె దీపాలకే పోయాలి. వండుకోవడానికి మిగలదు, నువ్వులు పండించడానికి నేల చాలదు.

ఏడాదికి ఒక్కరోజు గిద్దెడు అని మార్చాం. మొత్తం 2,812 మానికలు వచ్చింది. ఎనిమిది మంది పెద్దలకు ఒక మానిక పడుతుంది. భారమే, మొయ్యగలిగిన భారం. పన్ను అలా ఉండాలి. కరువొచ్చి నూనె నాలుగోవంతు తగ్గితే 11,250 దీపాలు వెలగవు. ఎవరి దీపాలు? పాతవి ముందు ఆర్పాలని చట్టం, పేదలవి ముందు ఆర్పాలని ఆచారం. ఆట మొదటి కథ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. లోకం కట్టేటప్పుడు కరువు వేస్తే ఏమవుతుందో ప్రతి సంఖ్య మీదా ఒకసారి వేసి చూడండి. ఏమీ మారకపోతే ఆ సంఖ్య అలంకారమే.

4, 5 వారాలు: ఆరు దారులు

ఆరు గడపలకూ ఒకే నమోదు పద్ధతి ఉంటే ఆరు గడపలు అక్కర్లేదు. పేరు ఎలా ఎక్కుతుంది, ఎలా పోతుంది అన్నదే వాటి మధ్య తేడా కావాలి. ఆలయ శిల్పం, పూజల రంగు తర్వాత సంగతి.

ఉప్పుతల్లిది నేల దారి. తెల్లరేవు నడిమధ్య ఒక రాయి ఉంటుంది, దాని పొలిమేర లోపల పుట్టినవాళ్లంతా ఆవిడ బిడ్డలే. దీనికి మూలం బొడ్రాయి. తెలంగాణ పల్లెల్లో ఊరి బొడ్డుగా రాయిని ప్రతిష్ఠించేటప్పుడు పొలిమేర కట్టేస్తారు, రాకపోకలు ఆపేస్తారు, పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డల్ని మాత్రం పనిగట్టుకుని పిలిపించుకుంటారు. ఊరు అంటే ఎవరు అన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు పుస్తకాల్లో దొరకడం కష్టం. ఆడబిడ్డల పిలుపును మన నియమంలో అలాగే ఉంచాం: నేల మీద పుట్టినవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఏడాదిలో ఆ ఒక్కరోజు రాయి దగ్గరికి వస్తే పేరు నిలుస్తుంది. వరసగా మూడేళ్లు రాకపోతే పోతుంది.

కంచుదొరది ఉద్యోగం దారి. గంట కొట్టేవాడు, తాళాలవాడు, వంటవాడు, కావలివాడు ఆ పనిలో ఉన్నన్నాళ్లే గడపబిడ్డలు. ఇది వింతగా అనిపిస్తే వాటికన్ నగరాన్ని చూడండి. 1929లో ఏర్పడ్డ ఆ రాజ్యంలో పుట్టుక వల్ల పౌరసత్వం రాదు. పదవి, నివాసం వల్ల వస్తుంది, పదవితోపాటు పోతుంది. అలా పోగొట్టుకున్నవాడికి వేరే దేశం లేకపోతే ఇటలీ పౌరుడిగా లెక్కించాలని ఆ ఏడాది ఒప్పందంలోనే రాసుకున్నారు. ఈ చివరి వాక్యం ఎంత విలువైనదో తర్వాతి వారం పరీక్షల్లో తెలిసింది.

మగ్గాలవ్వది నెత్తురు దారి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ గడపవాళ్లే కావాలి. క్రీ.పూ. 451లో నాయకుడు పెరిక్లీజ్ ప్రతిపాదన మీద గ్రీకు నగరం ఏథెన్స్ చేసిన చట్టం ఇదే. అక్కడ 18 ఏళ్లు నిండిన కుర్రాడి పేరు వాళ్ల డీమ్‌లో, అంటే పేట దస్త్రంలో, అక్కడివాళ్ల ఓటుతో ఎక్కించేవారు. ఇరుగుపొరుగుల ఓటు అన్న ముక్క చాలా పనికొచ్చింది. పాత పగలన్నీ ఆ రోజే బయటపడతాయి.

ఏటిపాపది ప్రమాణం దారి, ఇనుమయ్యది విడుదల దారి. రోమ్‌లో పౌరుడు చట్టప్రకారం విడిపించిన బానిస తానూ పౌరుడయ్యేవాడు. ఇనుమయ్య గడప అలాంటివాళ్లతోనే నిండింది, అందుకే సైన్యం అక్కడ బలం. ప్రమాణానికి రుజువుగా చీటీ ఇవ్వడం అన్నది క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి ఆజ్ఞ నుంచి తీసుకున్నాం. సామ్రాజ్యంలో వాళ్లంతా దేవతలకు బలి ఇచ్చి సాక్షుల సంతకాలతో చీటీ తీసుకోవాలన్నాడు. ఆ చీటీలు ఈజిప్టు ఇసుకలో పపైరస్ ముక్కలుగా ఇప్పటికీ దొరుకుతున్నాయి. బలి ఇవ్వకుండా డబ్బిచ్చి చీటీ కొనుక్కున్న క్రైస్తవులూ ఉన్నారు, వాళ్లనేం చెయ్యాలన్నది తర్వాత చర్చికి పెద్ద తగవైంది. దేవుడికి మనసు తెలియదు అన్న మన సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పేరులేని గడప గురించి ఈ రెండు వారాల్లో ఒక్క వాక్యమే రాశాం: ‘ఎవరూ రానివ్వనివాళ్లకు ఇది తెరిచి ఉంటుంది’. త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు వేరే స్వర్గం కట్టిన కథ మనసులో ఉంది. ఎక్కువ రాస్తే మిగతా ఐదింటి తలుపులకు విలువ పోతుందని ఆపేశాం.

అందరికీ పౌరసత్వం ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్న సూచన కూడా పరిశీలించాం. క్రీ.శ. 212లో రోమన్ చక్రవర్తి కరకల్లా దాదాపు స్వేచ్ఛాజనులందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. ఆ తర్వాత పౌరుడా కాదా అన్న భేదం పలచబడి, గొప్పవాళ్లు, తక్కువవాళ్లు అన్న భేదం శిక్షల్లో గట్టిపడింది. మా లోకచరిత్రలో ఏటిపాప నగరం నూరేళ్ల కిందట ఇదే పని చేసింది. ఇప్పుడక్కడ అందరికీ చీటీ ఉంది, కానీ చీటీ రంగు వేరు.

6, 7 వారాలు: పన్నెండుమంది పరీక్ష

నియమం రాసినవాళ్లకు దాని చిల్లు కనబడదు. పన్నెండు అట్టముక్కల మీద పన్నెండు మంది మనుషుల్ని రాసి, ఒక్కొక్కరికి మూడే ప్రశ్నలు వేశాం. పేరు ఏ దస్త్రంలో ఉంది? ఎవరు చెరపగలరు? చనిపోతే ఏ గడప? ఐదుగురికి రెండేసి జవాబులొచ్చాయి, ఇద్దరికి జవాబే లేదు.

ఓడలో పుట్టిన బిడ్డ: తల్లిది తెల్లరేవు, కానీ ఓడ పొలిమేర దాటింది. నేల లేదు కనుక బిడ్డ బయలుదే అవుతుంది. ఓడరేవు నగరానికి ఈ నియమం ఆత్మహత్యే. తెల్లరేవు రాయి నుంచి చెక్కిన చిన్న ముక్కను ఓడ అడుగుదూలంలో పొదిగితే ఆ ఓడ నేలే అని రాశాం. వెంటనే దొంగ రాతిముక్కల వ్యాపారం పుట్టింది. దాన్ని చిల్లుగా అనుకోలేదు, ఉంచాం.

పనిలోంచి తీసేసిన గంటవాడు: ముప్ఫై ఏళ్లు గంట కొట్టి, ముసలితనంలో పని పోయి, మర్నాడు చనిపోతే ఎక్కడికీ చెందడు. వాటికన్ ఒప్పందంలోని వాక్యం ఇక్కడ ఆదుకుంది. పని పోయినవాడు పుట్టిన గడపకు తిరిగి వెళ్తాడు, అది లేకపోతే కంచుదొర నగరానికి ఆనుకున్న ఇనుమయ్య గడప అతన్ని తీసుకుని తీరాలి. ఇనుమయ్య గుడి దీనికి ప్రతిఫలంగా ఏడాదికి 40 మానికల నూనె తీసుకుంటుంది. ఒప్పందంలో ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఆటగాళ్లు నమ్మరు.

రెండుసార్లు ప్రమాణం చేసిన సైనికుడు: చివరి ప్రమాణమే చెల్లుతుందని రాసి ఉంది. కానీ పాత దస్త్రంలో కరణం పేరు కొట్టెయ్యలేదు. రెండుచోట్లా దీపం వెలుగుతుంది. తేల్చడానికి శవం నోట్లో పెట్టే రేకును ఆధారం చేశాం. ఒక శవానికి ఒకే రేకు, అది ఏ గడపదైతే అక్కడికే. దాంతో శవానికి స్నానం చేయించేవాళ్ల చేతికి ఎవరూ ఊహించనంత అధికారం వచ్చింది.

మగ్గాలవ్వ ఆడపడుచు: తెల్లరేవులో పెళ్లాడింది. పిల్లలు నేలను బట్టి ఉప్పుతల్లి బిడ్డలు. ఆమె చనిపోతే దీపం పుట్టింటి గుడిలోనే వెలగాలి, కానీ పిల్లలు ఆ గుడిలో అడుగు పెట్టకూడదు. దీన్ని సరిదిద్దుదామా అని చాలాసేపు ఆలోచించాం. సరిదిద్దలేదు. ఇందులో నియమానికి చిల్లు లేదు, జవాబు స్పష్టంగానే ఉంది. అది ఆ లోకంలోని అన్యాయం. ఈ రెంటినీ వేరుచేసి చూడడం ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. చిల్లును పూడ్చాలి, అన్యాయాన్ని పాత్రలకు వదిలెయ్యాలి.

జవాబే లేని ఇద్దరిలో ఒకరు ఐదోరోజున చనిపోయిన పసిబిడ్డ. బారసాల కాలేదు, పేరు లేదు, పేరు లేకపోతే దస్త్రం లేదు. సగం చావులు పిల్లలవే అని లెక్కలో సులువుగా పక్కన పెట్టేసిన 600 మందిలో ఇలాంటివాళ్లూ ఉన్నారు. ఏ గడపా కాదంటే ఈ లోకంలోని ప్రతి తల్లికీ దేవుళ్ల మీద నమ్మకం పోతుంది, పోవాలి కూడా. పేరు పెట్టని బిడ్డ తల్లి దీపంలోనే ఉంటుందని రాశాం. వేరే నూనె అక్కర్లేదు. తల్లి బతికున్నన్నాళ్లు ఆమె వెంటే ఉంటుంది, తర్వాత ఆమెతోపాటే వెళ్తుంది. ఇదొక్కటే ఆరు గడపలకూ ఉమ్మడి నియమం, ఏ కరణానికీ ఇందులో ప్రమేయం లేదు.

రెండోవాడు సముద్రంలో పోయిన జాలరి. శవం లేదు, రేకు లేదు. అట్టముక్కను పక్కన పెట్టాం.

8వ వారం: దేవుణ్ణి ఎత్తుకెళ్తే

క్రీ.పూ. 396లో వేయీ నగరాన్ని ముట్టడించిన రోమన్లు అక్కడి జూనో దేవతను ‘మా ఊరికి రా, గుడి కట్టిస్తాం’ అని పిలిచి, నగరం పడ్డాక విగ్రహాన్ని రోమ్‌కు తెచ్చి అవెంటైన్ కొండ మీద గుడి కట్టారని చరిత్రకారులు రాశారు. మన లోకంలో ఇలా జరిగితే దస్త్రం ఏమవుతుంది?

మూడు వస్తువుల్ని విడదీశాం: విగ్రహం, దస్త్రం, దీపాలు. విగ్రహం వెళ్తే దేవత పలుకు వెళ్తుంది. దస్త్రం వెళ్తే పౌరసత్వం వెళ్తుంది. దీపాలు కదలవు, కదిపితే ఆరతాయి. మూడూ ఒకేచోట ఉన్నంతకాలం ఎవరికీ తేడా తెలియదు. యుద్ధంలో విడిపోతేనే ఏది అసలు దైవం అన్న ప్రశ్న లేస్తుంది. గుడి ఆస్తి ఎవరిది అన్న చిక్కుకు భారతీయ న్యాయం చూపిన దారి ఇక్కడ పనికొచ్చింది. విగ్రహాన్ని చట్టం దృష్టిలో వ్యక్తిగా ఒప్పుకుని, దాని తరఫున నిర్వాహకుడు మాట్లాడతాడు. బ్రిటిష్ కాలంలో మన దేశపు కేసులకు చివరి అప్పీలు కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ 1925లో ఇచ్చిన తీర్పు విగ్రహాన్ని కదిలించే విషయంలో దేవత ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలంది. మన ఆటలో ఆ నిర్వాహకుడి పాత్ర ఎప్పుడూ ఒక ఆటగాడికే ఇవ్వాలని నిర్ణయించాం.

9, 10 వారాలు: చేతికి తగిలే వస్తువులు

శవాల నోటి రేకుకు మూలం గ్రీకు సమాధుల్లో దొరికిన పల్చని బంగారు రేకులు. దక్షిణ ఇటలీ, థెస్సలీ, క్రీట్‌లలో దొరికాయి. చనిపోయినవాడు అవతలి కావలివాళ్లకు ఏం చెప్పాలో, ఏ ఊటనీళ్లు తాగకూడదో వాటిలో కొన్నింటి మీద రాసి ఉంటుంది. ఇంచుమించు గుర్తింపు కార్డే.

మనకు 0.1 మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు చాలు. 6×3 సెంటీమీటర్ల ముక్కలు కోసి, కింద పాత రబ్బరు చెప్పు అడుగు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనకవైపు నుంచి తిరగేసి రాయాలి. మొదటి పదిలో నాలుగు చిరిగాయి. తలకట్టు దగ్గర పెన్ను ఆపి మళ్లీ ఎత్తడమే కారణం. అక్షరాన్ని ఒకే గీతలో గుండ్రంగా తిప్పితే చిరగదు. కోసిన అంచులు చేతులు కోస్తాయి, ఉప్పుకాగితంతో రుద్దండి.

దస్త్రానికి తాటాకులు. లేత ఆకుల్ని ఈనె తీసి, నీళ్లలో పసుపు వేసి అరగంట ఉడకబెట్టి, నీడలో ఆరబెట్టి, బరువు కింద నాలుగురోజులు ఉంచాం. ఎండలో పెట్టినవి చుట్టుకుపోయి మళ్లీ సాపు కాలేదు. గంటంతో గీసి, దీపపు మసిని నువ్వులనూనెలో కలిపి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలుస్తుంది. నూనె ఎక్కువైతే ఆకంతా మరక. చిటికెడు మసికి రెండు చుక్కలు చాలు. అంచు నుంచి రెండు వేళ్ల దూరం వదిలి చిల్లు పెట్టండి, దగ్గరైతే తాడు లాగినప్పుడు చీలుతుంది.

పేరు చెరపాలంటే తాటాకు మీద వీలుకాదు, గీత ఆకులోకి దిగిపోతుంది. కొట్టివేత గీత పక్కనే ఇంకోటి గీయాలి. ఈ వస్తువు చేశాకే ‘దస్త్రంలో పేరు చెరగదు, కొట్టివేత మాత్రమే ఉంటుంది, కొట్టివేతను ఎవరైనా చదవొచ్చు’ అన్న నియమం చేర్చాం. రెండు ప్రమాణాల సైనికుడి చిక్కు సగం దాంతోనే తీరింది.

11వ వారం: బల్ల మీద మొదటి ఆట

ఐదుగురు ఆటగాళ్లు, నాలుగు గంటలు, కరువు కథ. నూనె లెక్క పనిచేసింది. ఎవరి దీపం ఆర్పాలన్న సభ గంటన్నర నడిచింది. నియమాల పుస్తకం 38 పుటలుంటే ఆటలో తిరగేసినవి 6. మిగతా 32 పుటలు చరిత్ర. దాన్ని అనుబంధంలోకి తోసి, ఆరు గడపల ప్రవేశం, తొలగింపు, ఆశ్రయం నియమాలను ఒక్క కాగితం మీదికి తెచ్చాం.

తప్పిందొకటి. ఆటగాళ్లు సాక్ష్యం కోసం చనిపోయినవాళ్లను మూడుసార్లు పిలిచారు, ప్రతి చిక్కునూ అలాగే విప్పారు. ఇకమీదట సాక్ష్యం పిలిస్తే ఆ దీపం ఆయుష్షులో ఐదేళ్లు తగ్గుతుంది. తాతను అడగొచ్చు, కానీ తాత తొందరగా వెళ్లిపోతాడు.

జాలరి అట్టముక్కను ఈ ఆటలోనే తీశారు. అతని భార్య పాత్ర వేసిన ఆటగాడు రేకు లేకపోయినా తెల్లరేవు రాయి దగ్గర దీపం పెట్టాడు. కరణం పాత్రవాడు దస్త్రంలో రాయనన్నాడు. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది, దాన్ని ఆర్పే నియమం మా దగ్గర లేదు. పేరులేని గడప పుట కింద ఆ దీపాన్నే మొదటి నమోదుగా రాశాం. వచ్చేవారం పని: అక్కడ కరణం ఉండాలా వద్దా, నూనె ఎవరు పొయ్యాలి.